మాట్లాడని అక్కా, మసి పట్టే కారూ

బావగారికి,

కళ్లద్దాల షాపు నుంచి మీ బావమరిది నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, కొత్త ఫ్రేములు తగిలించుకుని బీరువాలో కూర్చున్న ప్లాస్టిక్ తలకాయలూ.

ఫోను చేయకుండా ఈ ఉత్తరం ఏమిటని అనుకుంటారేమో. పగలు చేస్తే మీ చేతులు గ్రీజులో ఉంటాయి, ఎత్తరు. సాయంత్రం చేస్తే అక్క ఎత్తుతుంది. నా గొంతు వినగానే పెట్టేసినా బాగుండును, పెట్టదు. ఫోనుని బల్ల మీద పడుకోబెట్టి వెళ్లి కుట్టుమిషను ముందు కూర్చుంటుంది. నేను ఇక్కడ ఆ టకటకలు వింటూ ఉంటాను. ఏడాది నుంచీ ఇదే వరస.

అసలు నేనేం పాపం చేశాను బావా? ఆ రోజు షాపుకొచ్చింది, పేపరు తీసింది. పేపరు ముందు ఒళ్లోకి, తర్వాత మోకాళ్ల మీదకి, చివరికి చెయ్యి చాలనంత దూరం వెళ్లిపోయింది. "అక్కా, నీకు చత్వారం వచ్చింది" అన్నాను. షాపులో నలుగురు ఉన్నారు, నిజమే. వాళ్లలో ఒకాయన "మీ వయసుకి మామూలేనమ్మా" అన్నాడు. ఆ మాట అన్నది ఆయన కదా, నేను కాదు కదా! పేపరు నా మొహాన కొట్టి వెళ్లింది, మళ్లీ ఈ గడప తొక్కలేదు.

సరే, అసలు సంగతి. షాపు కిటికీలోంచి బైపాస్ మీద పోయే కార్లని చూసి చూసి నాకూ ఒకటి కొనాలని బుద్ధి పుట్టింది. చిన్న కారు. ఇంటి నుంచి షాపుకి, షాపు నుంచి ఇంటికి, వానలో తడవకుండా ఉంటే చాలు. అదే కారు పెట్రోల్‌లో ఉంది, డీజిల్‌లోనూ ఉంది. షోరూం ఆయన్ని అడిగితే నేను ఏది చూస్తుంటే అదే గొప్పదంటాడు. మీరు జీవితమంతా డీజిల్ ఇంజన్ల కింద వెల్లకిలా పడుకున్నవారు, ఊరంతా మిమ్మల్ని డీజిల్ డాక్టరంటారు. మీ మాట మీదే కొంటాను.

ఇట్లు,
మీ బావమరిది

తా.క. అక్క గురించి నేనేమీ అడగడం లేదు. కానీ సూదిలో దారం ఎవరు ఎక్కిస్తున్నారు?

*

బావమరిదికి,

డీజిల్ డాక్టరు ఆశీస్సులు. పైన కుడిపక్క మరక చూసి కంగారుపడకు, అది గేరు ఆయిలు.

డీజిల్ డాక్టరు కాబట్టి డీజిలే రాసిస్తాడని అనుకుని ఉంటావు. డాక్టరన్నవాడు రోగిని చూడాలి గానీ మందుని కాదు. డీజిల్ ఇంజను గట్టి పిండం, ఒప్పుకుంటాను. నలుగుర్ని ఎక్కించి ఎత్తు రోడ్డు మీదకి తోలినా గొణగదు, కింది గేర్లలో దాని లాగుడు చూస్తే ముచ్చటేస్తుంది. లీటరుకి ఎక్కువ దూరం పోతుంది. సరిగ్గా చూసుకుంటే ఏళ్లూ పూళ్లూ వస్తుంది. కాకపోతే కొన్నప్పుడే జేబు తేలికవుతుంది, చెడితే మళ్లీ అవుతుంది. చప్పుడు సంగతి చెప్పనక్కర్లేదు, నాకు అది పాటలా ఉంటుంది గానీ నీ పక్కింటివాళ్లకి ఉండదు.

వీటన్నిటికన్నా ముఖ్యం, దానికి దూరం కావాలి. నీ ఇంటికీ షాపుకీ మధ్య ఉన్న దారిలో ఆ ఇంజను ఒళ్లు విరుచుకునేలోపే నువ్వు షాపు తాళం తీస్తుంటావు. రోజూ ఊళ్లు పట్టుకు తిరిగేవాడు డీజిల్ కొనాలి. నీకు పెట్రోల్. నాకు అన్నం పెట్టేది డీజిలే అయినా ఉన్నమాట చెప్తున్నాను.

మీ అక్క కింద ఏదో రాస్తానంటోంది. అక్షరాలు అంత లావున ఎందుకున్నాయని మాత్రం అడగకు, మిగిలిన కాగితమంతా తనకే కావాలిట.

శుభాకాంక్షలతో,
మీ బావ

తా.క. ఏమండీ, వాడికి రాయండి. నేను వాడితో మాట్లాడడం లేదు. డీజిల్ కారు వాడి వల్ల కాదు. దానికి ఓపిక కావాలి, గుండె కావాలి. వాడికి సైకిలు నేర్పినప్పుడు వెనక పట్టుకుని పరిగెత్తింది నేను, చెయ్యి వదిలేశానని తెలియగానే ముళ్లపొదలోకి పోయింది వాడు. దారం నేనే ఎక్కించుకుంటున్నాను. ఒకసారి కాకపోతే ఇంకోసారి ఎక్కుతుంది.

*

గౌరవనీయులైన బావగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరంలో చేతిరాత మీదే, గేరు ఆయిలూ మీదే. మాట మాత్రం అక్కది. డీజిల్ తింటూ, డీజిల్ పీలుస్తూ బతికిన మనిషి ఉన్నట్టుండి పెట్రోల్ అంటే నమ్మడానికి నేనేమన్నా పాలుతాగే పిల్లాడినా? పక్కన కూర్చుని రాయించింది. నాకు తెలుసు.

నా వల్ల కాదుట! ముళ్లపొద సంగతి ముప్ఫై ఏళ్ల కిందటిది. ఆ రోజు ఆవిడ చెయ్యి వదలకుండా ఉంటే పొద ఎక్కడిది?

నేనూ నలుగుర్నీ అడిగాను. మా షాపుకొచ్చే లారీ డ్రైవరు డీజిల్ అంటే చాలు, కళ్లద్దాలు తీసి తుడుచుకుంటాడు. అంత ప్రేమ. పక్కనే కూర్చున్న హెడ్‌మాస్టరమ్మ ఆ పొగకి బడి గోడలు నల్లబడ్డాయని ఎగిరింది. ఇద్దరూ వాదించుకుంటూ ఒకరి అద్దాలు ఒకరు పెట్టుకు వెళ్లిపోయారు. ఆవిడ సాయంత్రం దాకా బడిలో అందరికీ మార్కులు ఎక్కువ వేసిందిట. ఏమైనా లారీ డ్రైవరు మాటే నాకు నచ్చింది. డీజిల్ కొంటున్నాను.

ఇట్లు,
ముళ్లపొదలకి భయపడని
మీ బావమరిది

తా.క. మీకు ఒక పార్శిల్ పంపుతున్నాను. దగ్గరది చదువుకునే అద్దాలు. మీకే. ఆడవాళ్ల ఫ్రేమే మిగిలింది, ఏమీ అనుకోకండి.

*

బావమరిదికి,

ఆశీస్సులు. పార్శిల్ అందింది. మీ అక్క ఆ అద్దాలు నా ముక్కుకే పెట్టి, గుడ్లగూబకి పెళ్లి చేసినట్టుందని నవ్వి, నన్నే పెట్టుకోమంది. నాకు వాటితో ఏమీ కనిపించలేదు. గడప తగిలి పడ్డాను.

నువ్వు పంతం పట్టావు కాబట్టి ఒక ముఖ్యమైన సంగతి చెప్పాలి. ఇప్పుడొచ్చే డీజిల్ కార్లకి పొగగొట్టం దారిలో ఒక ఫిల్టరు ఉంటుంది. పొగలోని మసిని బయటికి పోనివ్వకుండా అది పట్టుకుంటుంది. పట్టుకున్న మసిని ఎప్పటికప్పుడు కాల్చేసుకోవాలి. అలా కాలాలంటే ఇంజను బాగా వేడెక్కి, మంచి రోడ్డు మీద ఆగకుండా కాసేపు జోరుగా పోవాలి. ఇంటికీ షాపుకీ మధ్య కుంటుకుంటూ తిరిగితే మసి పేరుకుంటుంది. అప్పుడు నీ ఎదురుగా నారింజ రంగు లైటు వెలుగుతుంది. దాన్ని పట్టించుకోకపోతే కారు మొండికేస్తుంది. కాబట్టి డీజిల్ కొన్నావంటే వారానికోసారైనా దూరం వెళ్లి తీరాలి. ఇంకోమాట, మసి కాలుతున్నప్పుడు మధ్యలో ఇంజను ఆపకూడదు.

ఇంత చెప్పాక కూడా డీజిలే అంటావా? పెట్రోల్ కొనుక్కో నాయనా, సుఖపడతావు.

ప్రేమతో,
మీ బావ

తా.క. ఏమండీ, వాడితో వాదన ఎందుకు? వారం వారం దూరం నడపడం వాడికి చేతనవుతుందా? ఆ లైటు వెలిగిన రోజున కారు వదిలేసి ఏడుస్తూ ఇంటికి నడిచి వస్తాడు. నేను పందెం కాస్తాను. అయినా నేను వాడితో మాట్లాడడం లేదు.

*

బావగారికి,

డీజిల్ కారు యజమాని నమస్కారాలు.

కొనేశాను. తెల్ల కారు. నేను వీధి మలుపు తిరగకముందే షాపులో ప్లాస్టిక్ తలకాయలన్నీ వణికిపోయి నాకు స్వాగతం చెప్తున్నాయి. పక్కింటాయన నాతో మాట్లాడడం మానేశాడు. మా ఇంటా వంటా ఉన్నదే కాబట్టి నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు.

మీరు చెప్పిన లైటు కూడా వెలిగింది. అక్కకి కోపం వచ్చినప్పుడు కళ్లలో కనిపించే రంగు అది. ఏడవలేదని గట్టిగా చదివి వినిపించండి. ఆదివారం పొద్దున్నే బయల్దేరాను. ఈ చుట్టుపక్కల ఆగకుండా జోరుగా పోదగ్గ రోడ్డు మీ ఊరికి వచ్చేదొక్కటే ఉంది. ఏం చేయను, రావలసి వచ్చింది. మీ వీధిలోకి కూడా వచ్చాను. కానీ ఇంకా మసి కాలుతూనే ఉంది. ఇంజను ఆపకూడదన్నారు కదా, అందుకని దిగలేదు. మీ ఇంటి చుట్టూ తిరిగాను. అక్క కిటికీ దగ్గర కూర్చుని ఉంది. సూదిని వెలుతురులోకి ఎత్తి పట్టుకుని, తల వెనక్కి వాల్చి, దారం గుచ్చుతోంది. నేను చుట్టు తిరిగి వచ్చేసరికీ గుచ్చుతూనే ఉంది. ఇంకో చుట్టు తిరిగాను. అప్పటికీ ఎక్కలేదు.

ఇక చూడలేక కారు తిప్పేశాను బావా. తిన్నగా వచ్చేశాను.

ఇట్లు,
మీ బావమరిది

తా.క. నేను వచ్చిన సంగతి అక్కకి చెప్పకండి. నల్లద్దాలు పెట్టుకున్నాను కాబట్టి ఎవరూ గుర్తుపట్టలేదు.

*

బావమరిదికి,

ఆశీస్సులు. గుర్తుపట్టలేదా? నీ నల్లద్దాలకి ధర చీటీ వేలాడుతోందిట! ఎదురింటి నర్సమ్మ ఎవరో దొంగ ఇళ్లు చూసుకుంటున్నాడని వీధంతా లేపింది. మీ అక్కే వాళ్లని సర్దేసి పంపింది. "దొంగ కాదు, దొంగకి ఇంకాస్త తెలివి ఉంటుంది" అందిట. తనకి చేతిలో సూది కనిపించదు గానీ వీధి చివర చీమ నడిచినా కనిపిస్తుంది.

ఇప్పుడు నవ్వులాట కాని మాట. మీ అక్క పని చెడుతోంది. మొన్న బ్యాంకు మేనేజరు కోటుకి రెండు చేతులూ ఎడమవే కుట్టింది. ఆయన పాపం మంచివాడు, వేసుకుని నిలబడి, "బానే ఉందమ్మా, కుడిచెయ్యి వెనక్కి చూస్తోంది అంతే" అన్నాడు. ఆయన వెళ్లాక మిషను మీద తల పెట్టుకుని ఏడ్చింది. బడి యూనిఫారాల ఆర్డరు చేతిలో ఉంది. అది కూడా ఇలాగే అయితే మిషను అమ్మేస్తానంటోంది. పెళ్లయి వచ్చినప్పుడు ఆ మిషను మోసుకొచ్చిన మనిషి. అది లేని ఇల్లు నేను ఊహించుకోలేను.

మా ఊళ్లో కళ్లద్దాల షాపులు లేక కాదు. రమ్మని బతిమాలాను. "సొంత తమ్ముడు షాపు పెట్టుకు కూర్చుంటే బయటివాళ్లకి కళ్లు చూపించనా? వాడి పరువేం కావాలి?" అంటుంది. తమ్ముడి దగ్గరకి పోదామా అంటే గుమ్మం వైపు చూపించి నన్ను పొమ్మంటుంది. నాకు ఇంజన్లు తెలుసు గానీ ఈ ఇంటివాళ్ల మరమ్మతు తెలియదు. ఆదివారం రా. అద్దాల పెట్టె తెచ్చుకో.

నీ రాక కోసం చూస్తూ,
మీ బావ

తా.క. ఏమండీ, ఆదివారం నేను వీధి తలుపు తీసి ఉంచుతాను. ఎవరి కోసమూ కాదు. గాలి కోసం.

*

బావగారికి,

నమస్కారాలు. ఆదివారం మీరు రోడ్డు మీద ఆగిపోయిన లారీ కింద పడుకోవడానికి వెళ్లారు. వచ్చి అడిగితే అక్క "ఏమీ జరగలేదు" అని ఉంటుంది. జరిగింది రాస్తున్నాను.

మీ గుమ్మం ముందు కారు నిలబెట్టాను, ఇంజను ఆపలేదు. తలుపు బార్లా తీసి ఉంది. గాలి మాత్రం ఆకు కదిలేంత కూడా లేదు. అక్క మెడలో టేపు వేసుకుని బయటికి వచ్చింది. నా వైపు చూడకుండా టైర్ల వైపు చూసింది. నేను స్టీరింగుతో అన్నాను, "ఇంజను ఆపకూడదు, మసి కాలుతోంది" అని. అక్క తలుపు తీసుకుని పక్క సీట్లో కూర్చుంది. ఒక్క మాట లేదు. ఊరు దాటాం, పెద్ద రోడ్డెక్కాం. ఒళ్లో అద్దాల పెట్టె పెట్టాను, ఊరుకుంది. ఖాళీ ఫ్రేము పెట్టుకుంది. నేను ఎదురుగా ఉన్న కారు అద్దానికి చెప్పాను, "ఎవరైనా చత్వారం వాళ్లయితే మొదటి వరసలో రెండో అద్దం వేసుకుని చూస్తే మంచిది" అని. వేసుకుంది.

అప్పుడు చూసుకుంటే చదివించే అట్ట షాపులో మర్చిపోయి వచ్చాను! కారంతా వెతికితే అక్షరాలున్నది ఒక్క కారు పుస్తకమే. చీమల బారులాంటి అచ్చు. అక్క దాన్ని పట్టుకుంది. పైకి చదివింది.

"ఇంధనపు ట్యాంకు మూతను బిగుతుగా తిప్పవలెను."

ఏడాది తర్వాత మా అక్క నాతో మాట్లాడిన మొదటి మాట అదే బావా. నాకు రోడ్డు మసకబారింది. తను ఆపలేదు. టైర్లలో గాలి చదివింది, వైపర్లు చదివింది, హారను అనవసరముగా మోగించరాదన్నది రెండుసార్లు చదివింది. అక్షరం తప్పలేదు. చదివే ఆనందంలో పేజీలు తిప్పుతూ పోయింది. ఒకచోట ఆగింది. గొంతు సవరించుకుని చదివింది.

"తరచుగా తక్కువ దూరములు ప్రయాణించువారికి ఈ ఇంజను తగదు. అట్టివారు పెట్రోల్ ఇంజను ఎంచుకొనుట మేలు."

తర్వాత అక్క నవ్వడం మొదలుపెట్టింది. ఫ్రేము జారి ఒళ్లో పడింది. "చెప్పాం కదరా, పెట్రోల్ కొనమని!" అంది. ఈసారి పుస్తకం చూసి కాదు.

అద్దాలు చేసి ఈ ఉత్తరంతో పాటు పార్శిల్ పంపుతున్నాను. ఈసారి దాని మీద మీ పేరు రాయలేదు.

ఇట్లు,
మీ బావమరిది

తా.క. అక్కా, కోటు చేతులు జాగ్రత్త. ఒకటి కుడి, ఒకటి ఎడమ.

*

ఒరేయ్ తమ్ముడూ,

ఈసారి ఉత్తరం నేనే రాస్తున్నాను, తాజాకలం మీ బావకి వదిలేశాను. నా అక్షరాలు ఎంత చిన్నగా ఉన్నాయో చూశావా? అద్దాలు నిన్న వచ్చాయి. దారం మొదటిసారికే ఎక్కింది. ఎక్కిన దారాన్ని లాగేసి మళ్లీ ఎక్కించాను, ఊరికే, చూసుకోవడానికి. బ్యాంకు మేనేజరు కోటు తెప్పించి, కుట్లు విప్పి సరిచేశాను. యూనిఫారాలు కత్తిరించాను. మిషను ఎక్కడికీ పోదు.

నా కోపం చత్వారం అన్నందుకు కాదురా. నిన్ను చంకనేసుకుని తిరిగినదాన్ని నేను. నేను పెద్దదాన్నయిపోయానని ఈ లోకంలో మొదట నువ్వే చూశావే, అదీ అంతమందిలో గట్టిగా చెప్పావే అని ఏడుపొచ్చింది. ఇంకోసారి ఏదైనా వస్తే చెవిలో చెప్పు. పళ్లు ఊడినా సరే, చెవిలో చెప్పు.

ఇక నువ్వు ఎరగని సంగతి ఒకటుంది. నీ చిన్నప్పుడు పాలు తాగించాలంటే నేను గ్లాసు పట్టుకుని "ముట్టుకోకు, ఇవి నావి, నీ వల్ల కాదు" అనేదాన్ని. చూసేలోపు గ్లాసు ఖాళీ. నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజు మీ బావ భోజనం చేస్తూ ఆ ఫిల్టరు సంగతంతా చెప్పారు. డీజిల్ కొన్నవాడు వారం వారం దూరం వెళ్లి తీరాలన్నారు. నాకు ముద్ద నోట్లోనే ఆగిపోయింది. పిలవడానికి నా పంతం అడ్డం, రావడానికి నీ పంతం అడ్డం. కారుకి పంతం లేదు కదా! మీ బావ మనసారా పెట్రోలే అన్నారు, ఆయన్ని అనుమానించకు. ఆయన ఉత్తరం కింద "డీజిల్ నీ వల్ల కాదు" అని రాసింది మాత్రం నేను. పాలు తాగినట్టే తాగావు.

ఇంకోటి. మొదటి ఆదివారం నువ్వు చుట్లు తిరుగుతుంటే మీ బావ పెరట్లోంచి చప్పుడు విని, "వాడి మసి ఎప్పుడో కాలిపోయింది, ఊరికే తిరుగుతున్నాడు" అన్నారు. నేను సూది దించకుండా కూర్చున్నాను. దించితే వెళ్లిపోతావేమోనని.

ఆదివారం రా. ఇంజను ఆపి లోపలికి రా.

నీతో మాట్లాడుతున్న,
మీ అక్క

తా.క. బావమరిదీ, ఈ నాలుగు ముక్కలూ కావాలనే చీమ తలకాయంత రాస్తున్నాను, మీ అక్క కొత్త అద్దాలకి కూడా అందకుండా. అద్దాలు వచ్చిన దగ్గర్నుంచీ నా చొక్కా మీద మరకలన్నీ ఒక్కొక్కటీ పేరు పెట్టి పిలుస్తోంది. అది అలా ఉంచు. తన తెలివికి నువ్వు బోల్తా పడ్డావని చాలా సంబరంగా ఉంది, వీధంతా చెప్పుకుంటోంది. కానీ నీ షాపు కిటికీ ఎదురుగానే బైపాస్ ఉంది, నీ మొదటి ఉత్తరంలో నువ్వే రాశావు. ఫిల్టరు మసికి దాని మీద అటూ ఇటూ ఒకసారి పోయి వస్తే సరిపోతుంది. అంత మంచి రోడ్డు ఎదురుగా పెట్టుకుని ఇంత దూరం ఎందుకు వచ్చావని నేను అడగను. తనకి చెప్పను కూడా. ఆదివారం లైటు వెలగకపోయినా వచ్చెయ్.